అల్లుడుగారి సీరియల్

టీవీలో పేర్లు మొదలయ్యాయి. 'కథ, మాటలు' అన్నచోట అతని పేరు కనబడింది.

మామూలు మనుషులకు మహాశక్తులు వస్తే ఏమవుతుందో చెప్పే సీరియల్ అది. నిద్ర మానుకుని రాశాడు. ఇది నచ్చితే బీమా ఆఫీసు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కలాన్నే నమ్ముకుందామని ఆశ. నచ్చాల్సింది లోకానికి కాదు, ముందు భార్యకి. అందుకే అత్తగారినీ, బావమరిదినీ పిలిచాడు. సోఫా చాలక కుర్చీలు వేసి, అందరికీ టీలు అందించి, తను మాత్రం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తెరమీద ఒకడు మేడమీంచి గాల్లోకి లేచాడు.

"వీడు ఎగురుతున్నాడా, తాడుకు వేలాడుతున్నాడా?" మొదటి దెబ్బ బావమరిదిది. సినిమాలు చూసీ చూసీ విమర్శకుడైన బాపతు.

"ఎగిరేవాడికి మళ్ళీ బూట్లెందుకో!" ఇది అత్తగారి సందేహం.

 ఈలోగా ఒక ముసలాయన బస్సును ఒంటిచేత్తో ఎత్తాడు.

"అట్టముక్క బస్సు. మా బుడ్డోడైనా ఎత్తుతాడు."

"అంత బలముండి పెళ్ళానికి ఏనాడైనా బీరువా జరిపిపెట్టాడా? మా అల్లుడి బుర్రలోంచి ఊడిపడినవాడేగా!"

ఆ తర్వాత వచ్చాడు కథకు ప్రాణమైనవాడు. ఎదుటివాళ్ళ మనసులో మాట వినగలడు. ఆ శక్తి వచ్చినందుకు నడివీధిలో గంతులు వేస్తున్నాడు. ఈ ఘట్టాన్ని అతను ఎంత ఆశపడి రాసుకున్నాడో!

"మరీ ఇంత అబద్ధమా?" అత్తగారు ఊరుకుంటేనా! "చుట్టాల మనసులో మాట వినబడితే మనిషన్నవాడికి ముద్ద దిగుతుందా?"

అతను భార్య వంక చూశాడు. ఆమె కళ్ళు టీవీకే అతుక్కున్నాయి. మిగతావాళ్ళు ఏమైనా అనుకోనీ, ఆమె నుంచి ఒక్క మంచిమాట వస్తే చాలు.

"దేవుడా! దీన్ని నమ్ముకునా ఈయన ఉద్యోగం మానేస్తానంటున్నారు? పిల్లల ఫీజులు ఎవరు కడతారు, ఆ ఎగిరేవాడా?"

అతని ప్రాణం ఉసూరుమంది. రాజీనామాకు నిలబడ్డచోటే నీళ్ళొదిలేశాడు.

ఎపిసోడ్ అయిపోయింది. బావమరిది లేచి చప్పట్లు కొట్టాడు.

"బావా, ఇరగదీశావు!"

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఎంత గొప్ప రాత బాబూ మీది! మా అమ్మాయి అదృష్టవంతురాలు."

భార్య దగ్గరికి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "చాలా బాగుందండీ. హాయిగా ఉద్యోగం మానేసి రాసుకోండి. ఇల్లు నేను చూసుకుంటాగా!"

సీరియల్ మొదలైన దగ్గర్నుంచి ఆ గదిలో ఎవరైనా నోరు విప్పడం అదే మొదటిసారి.