మేకు మీద లేని పానా

నేల మీద పడి ఉన్న వీల్ పానా కాలికి తగలగానే మెకానిక్ గుండె గుభేలుమంది.

అది గోడ మేకుకి ఉండాలి. చక్రం ఎక్కించాక ముందు నట్లు చేత్తో తిప్పడం, జాకీ దించి బండి నేల మీద నిలబడ్డాక పానాతో గట్టిగా బిగించడం, అప్పుడే పానాని మేకుకి తగిలించడం. ఇన్నేళ్లుగా అదే అతని పద్ధతి. పానా కింద ఉందంటే ఏదో చక్రం ఇంకా చేతి బిగింపు మీదే ఉందన్నమాట.

టీచరమ్మ కారు! ఇందాకే వెళ్లింది. వెనక సీట్లో ఆవిడ ముసలి తల్లి కూడా ఉంది.

"త్వరగా కానివ్వండి అన్నయ్యా, మా అమ్మని డాక్టరు రమ్మన్న టైము దాటిపోతోంది" అంటూ ఆవిడ నెత్తిన కూర్చుంటే, చేస్తున్న పని సగంలో వదిలేసి, ఉన్న ఒక్క జాకీనీ లాక్కొచ్చి ఆ కారుకి పెట్టాడు. పంక్చరైన చక్రం విప్పాడు, అతుకు వేశాడు, మళ్లీ ఎక్కించాడు. అంతవరకూ గుర్తుంది. తర్వాత పానాతో బిగించాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆవిడ సణుగుడు, తన విసుగు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అదే తంతు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని షెడ్డుకొచ్చిన ప్రతివాళ్లకీ క్లాసు పీకేది అతనే. ఇప్పుడు ఆవిడ ఆ మాట వింటుంటే పళ్లు నూరుకున్నాడు.

ఊడిన చక్రం కారు కంటే ముందు పరిగెడుతుంది. అతను కళ్లారా చూశాడు. అలాంటి కారులోంచి మనుషుల్ని బయటికి లాగిన చేతుల్లో అతనివీ ఉన్నాయి.

పానా చంకన పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. షెడ్డు వెనక ఇంట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడికండీ? పాపని తీసుకురావాలి నేను. స్కూటర్ మీరు పట్టుకుపోతే బడి దాకా ఆ దిగుడంతా నడిచి వెళ్లనా?"

"కారుందిగా! దాన్లో పో!" వెనక్కి చూడకుండానే అరిచాడు.

"అసలేమైంది?"

"కొంప మునిగింది. తర్వాత చెప్తా!"

రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. ప్రతి మలుపులోనూ అతను ముందు లోయలోకే చూస్తున్నాడు. ఒకచోట కింద పొదల్లో తెల్లగా ఏదో కనబడి పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికెళ్లి చూస్తే ఎవరో పారేసిన గోనె. 'ఈ ఒక్కసారి కాపాడు తండ్రీ, ఇంకెప్పుడూ తొందరపడను' అని పైకే అంటున్నాడు. కళ్లలోంచి నీళ్లు గాలికి చెవుల దాకా పాకుతున్నాయి.

దిగుడు చివర రైలు గేటు వేసి ఉంది. ఆగిన బండ్ల వరసలో టీచరమ్మ కారు!

స్కూటర్‌ని పడేసినట్టే వదిలేసి పరుగెత్తాడు. టీచరమ్మ బిత్తరపోయి అద్దం దించింది.

"ఫోన్ ఎత్తరేంటమ్మా!"

"ఎత్తొద్దని మీరేగా చెప్పారు? ఏమైంది అన్నయ్యా?"

"చక్రం... నట్లు బిగించలేదేమోనని..."

ఆవిడ ముఖం పాలిపోయింది. వెనక సీట్లో ముసలావిడ "అయ్యో నాయనా" అంటూ తలుపు తీసుకుని దిగబోయింది.

అతను మోకాళ్ల మీద కూలబడి మొదటి నట్టుకి పానా వేశాడు. కదల్లేదు. రెండోదీ అంతే. బలమంతా పెట్టి ఊపాడు. అన్నీ రాయిలా ఉన్నాయి. ఎందుకైనా మంచిదని మిగతా మూడు చక్రాలూ చూశాడు. ఒక్కటీ ఇసుమంత కదల్లేదు.

అలాగే రోడ్డు మీద చతికిలబడి పిచ్చివాడిలా నవ్వాడు. ఒళ్లంతా చెమట. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"బిగించే ఉన్నాయమ్మా. నా మతిమరుపు మండిపోను, ఊరికే మిమ్మల్ని కూడా హడలగొట్టాను."

"పోనీలే నాయనా, ఇంత దూరం మాకోసం పరుగెత్తుకొచ్చావు. నీ పిల్లలు చల్లగా ఉండాలి" అంది ముసలావిడ.

ఆ మాటకి పాప గుర్తొచ్చింది. బయల్దేరేటప్పుడు పెళ్లాం మీద అరిచిన అరుపూ గుర్తొచ్చింది. పాపం, కంగారు పడుతూ ఉంటుంది. ఏమీ కాలేదని చెబుదామని ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"ఎత్తడం లేదా?" అంది టీచరమ్మ.

"కొండ దిగుతూ ఉండుంటుందమ్మా, పాప బడికి. డ్రైవింగు నేను నేర్పిందేగా. చంపినా ఫోన్ ఎత్తదు!" గర్వంగా నవ్వి, పానా భుజాన వేసుకున్నాడు.

దూరంగా రైలు కూత వినబడింది. టీచరమ్మ ఆ పానా వంకే చూస్తోంది. ఏదో గుర్తొచ్చినట్టు కనుబొమలు ముడిచింది.

"అయినా అన్నయ్యా, నా చక్రం బిగించాక దాన్ని మేకుకి పెట్టబోయి, 'వద్దులే, మా కారు ముందు చక్రం ఇంకా చేత్తో తిప్పి వదిలిందే' అంటూ మీరేగా మళ్లీ కింద పెట్టారు?"