కాలువ మీద రేకు

చినుకు పడితే చాలు, ఆ ముసలాయన గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

నెత్తిన గోనెసంచి, చేతిలో గడ్డపలుగు.

కొత్త అపార్టుమెంట్ల వెనకమూల, సెల్లారులోకి దిగే దారి పక్కన కాలువ మీద ఒక ఇనుప జాలీ ఉంది. ఆవరణలో పడ్డ వాన నీళ్ళన్నీ అందులోంచే బయటికి పోవాలి. కానీ దాంట్లోంచి ఎప్పుడూ ముక్కు బద్దలయ్యే కంపు వచ్చేది. అందుకని అసోసియేషన్ వాళ్ళు దాని మీద ఒక పెద్ద రేకు పరిపించారు. కంపు పోయింది. నీళ్ళు ఎలా పోతాయన్నది ఎవరికీ తట్టలేదు.

ముసలాయన పలుగుతో ఆ రేకు లేపి గోడకు ఆనించేవాడు. వాన వెలిశాక వచ్చి మళ్ళీ పరిచి పోయేవాడు.

సెక్రటరీ గారు తియ్యడమే చూశారు గాని పరచడం ఎప్పుడూ చూడలేదు.

"ఎవడయ్యా వాడు?" అని వాచ్‌మన్‌ని నిలదీశారు.

"గోడ అవతల ఉంటాడు సార్. నీళ్ళు పోవాలని తీస్తాడు."

"మన నీళ్ళ మీద వాడికంత ప్రేమేంటి? ఎప్పుడో ఒకప్పుడు ఆ రేకు పాత ఇనుము కొట్లో తేలుతుంది, చూడు."

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. భార్యనూ నెలల పిల్లనూ పెట్టుకుని సెల్లారు గదిలో కాపురం ఉంటున్నవాడు, సెక్రటరీ గారితో వాదన పెట్టుకుంటాడా.

అలాగని సెక్రటరీ గారిది రాతిగుండేమీ కాదు. ఆయన భార్యకు ఉబ్బసం. వాళ్ళ ఫ్లాటు కింది అంతస్తులో, సరిగ్గా ఆ జాలీకి ఎదురుగా ఉంది. రేకు తీసిన రోజు ఆ కంపుకి ఆవిడ దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఊపిరి కోసం అల్లాడేది. పక్కన కూర్చుని ఏమీ చెయ్యలేక చూడడం ఎంత నరకమో ఆయనకే తెలుసు.

అందుకే రేకును బోల్టులు పెట్టి బిగించేయించారు. ముసలాయన్ని గేటు దాటనివ్వద్దని గట్టిగా చెప్పారు.

తర్వాతి వానకు ముసలాయన వచ్చాడు. గేటు తెరుచుకోలేదు.

"ఒక్కసారి తీసి వెళ్ళిపోతా బాబూ. వాన తగ్గాక నేనే వచ్చి మూస్తా."

"ఒక్కరోజు తియ్యకపోతే ఎవరి కొంపా మునగదులే. వెళ్ళు" అన్నారు సెక్రటరీ గారు కిటికీలోంచి.

ముసలాయన సెల్లారు వైపు చూశాడు. అక్కణ్ణించి కదల్లేదు. గోనెసంచి కప్పుకుని గేటు బయటే నిలబడ్డాడు.

"లోపలికి పిలవండీ, తడిసి ముద్దయిపోతున్నాడు" అంది భార్య కిటికీ దగ్గర నిలబడి.

"ఇవాళ పిలిస్తే రేపు చుట్టరికం కలుపుతాడు" అంటూ ఆయన కర్టెన్ లాగేశారు.

ఆ వాన పెద్దది కాదు. కాసేపటికే వెలిసింది. ముసలాయన అప్పుడు గాని వెళ్ళలేదు.

ఆ తర్వాత మళ్ళీ రాలేదు. పీడ విరగడైందనుకున్నారు సెక్రటరీ గారు.

అసలు వాన ఆ నెలాఖరులో పట్టుకుంది. తెల్లవారేసరికి ఆవరణంతా చెరువైంది. బిగించిన రేకు మీద నీళ్ళు నిలిచి, పోయే దారి లేక, సెల్లారులోకి దిగాయి.

కింద నుంచి వాచ్‌మన్ భార్య కేక వినిపించింది.

వాచ్‌మన్ నడుంలోతు నీళ్ళలో పిల్లను పైకెత్తి పట్టుకుని వచ్చాడు. అతని చొక్కా పట్టుకుని వెనకే ఆమె. పిల్ల నిలువునా తడిసిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఏడుపు లేదు.

సెక్రటరీ గారి భార్య పిల్లను ఒళ్ళోకి లాక్కుని, తన ఆయాసం మరిచిపోయి, వీపు రుద్దుతూ కూర్చుంది. ఎంతోసేపటికి పిల్ల కెవ్వుమంది. అప్పుడు గాని సెక్రటరీ గారి ప్రాణం కుదుటపడలేదు.

"నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి సార్. కరెంటు మీటర్లన్నీ కిందే ఉన్నాయి" అన్నాడు వాచ్‌మన్ వణుకుతూ. "బోల్టులు చేతికి అందట్లేదు. తాత పలుగు అయితేనే రేకు లేస్తుంది."

సెక్రటరీ గారే పరిగెత్తారు.

ప్రహరీ వెనక వీధి బాగా పల్లంలో ఉంది. ఇన్నాళ్ళలో ఆయన అటు అడుగు పెట్టింది లేదు. గోడకు ఆనుకుని ఒంటిగది ఇల్లు. లోపల నేల మీద పరుపు పరిచి, దాని మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"పెద్దాయన ఉన్నారా అమ్మా?"

"లేడు బాబూ. ఆమధ్య వానలో నానిపోయి వచ్చాడు. జ్వరం తగిలింది. ఊపిరందక, కూర్చునే పోయాడు."

ఊపిరందకపోవడం అంటే ఏమిటో సెక్రటరీ గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చిన పని చెప్పడానికి మొహం చెల్లలేదు. అయినా చెప్పక తప్పలేదు.

"మా సెల్లారు మునిగింది. ఆయన పలుగు... ఒకసారి కావాలి."

ఆమె గభాలున లేచింది.

"చంటిది బాగుందా?"

"బాగుందమ్మా. పైకి తెచ్చేశాం."

"దాని గురించే ఆయన బెంగంతా. కళ్ళు మూసే ముందు కూడా వాన పడుతోందా అని అడిగాడు."

తలుపు వెనక నుంచి పలుగు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ తర్వాత వంగి, నేల మీది పరుపు గబగబా చుట్టి మంచం మీదికి ఎత్తసాగింది.

"ఇవన్నీ పైన పెట్టుకున్నాక తియ్యండి బాబూ. ఆయన రేకు తీసినప్పుడల్లా ఆ నీళ్ళన్నీ మా ఇంట్లోకే వచ్చేవి."