వెనక సీటు

"కిక్కు కొట్టలేనప్పుడు ఈ టూ స్ట్రోక్ బండి ఎందుకు నాన్నా? ఇచ్చెయ్," అన్నాడు కొడుకు, కొనడానికొచ్చిన మెకానిక్ ముందే.

మోకాలి ఆపరేషనై, అప్పుడే ఫిజియోథెరపీ నుంచి తిరిగొచ్చిన తండ్రి చేతికర్ర గట్టిగా పట్టుకుని, "ఇవ్వను. నా బండి," అన్నాడు.

"మూడు నెలలుగా కదల్లేదు. తుప్పు పట్టిపోతుంది!"

వంగి సైలెన్సర్ ముట్టుకున్న మెకానిక్ చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "కదలకపోవడమేంటి సార్? కాలిపోతోంది! ఎవరో ఇప్పుడే తిప్పుకొచ్చారు."

తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

"నేనే," అంటూ తల్లి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆయిల్ కొలిచే గ్లాసు. "మీరిద్దరూ ఫిజియోథెరపీకి వెళ్లగానే రోజూ నాలుగు వీధులు తిప్పుతున్నా. ఊరికే ఉంటే ఇంజను పట్టేయదూ?"

కొడుకు నోరు తెరిచాడు. "ఈ పొగబండి వదిలించుకోమని ముప్పై ఏళ్లు గోల పెట్టింది నువ్వే కదమ్మా!"

"అప్పుడు వెనక కూర్చునేదాన్ని. పొగంతా నాకే కదా!"

ఆమె కొంగు బిగించి, బండెక్కి ఒక్క తన్ను తన్నింది. వాకిలంతా నీలం పొగ కమ్మేసింది. మెకానిక్ దగ్గుతూ పక్కకి తప్పుకున్నాడు.

"కిక్కు కొట్టొద్దన్నాడు డాక్టరు. వెనక కూర్చోవద్దన్లేదుగా! ఎక్కండి," అంది భర్తతో.

తండ్రి చేతికర్రని కొడుకు చేతిలో పెట్టి, వెనక ఎక్కాడు.