బోణీ గిటార్

షట్టర్ సగం లేచిందో లేదో, ఎల్లస్వామి దాని కింద నుంచి దూరి కొట్లోకి వచ్చేశాడు.

"జర ఆగరాదు తమ్మీ, దేవునికి దీపమన్న పెట్టనియ్యి," అన్నాడు కిషన్ రావు. వరంగల్ చౌరస్తాలో వాద్యాల దుకాణం ఆయనది.

"ఆగెటట్టు లేదు సేటూ. బోణీ నాదే. కరెంటు గిటార్ గావాలె."

అతని తొందర అతనిది. సాయంత్రం హనుమకొండలో ఓ పెళ్లి, అందులో తమ ఆర్కెస్ట్రా. ఉన్న గిటారేమో పందిట్లో ట్యూబులైట్లు వెలిగితే చాలు, గుయ్యిమని మూలుగుతుంది. పాట సగానికి వచ్చేసరికి శ్రుతి జారిపోతుంది. "ఇయ్యాల గూడ మూల్గిందంటే నీ జాగల ఇంకొకణ్ణి కూసోపెడ్త," అని ఆర్కెస్ట్రా ఓనర్ మొహం మీదే చెప్పేశాడు.

ఆ జాగా పోతే మళ్లీ స్టేషన్ ఘన్‌పూర్, మళ్లీ నాన్న వెంట పత్తిచేను. తలుచుకుంటేనే ఎల్లస్వామికి కాలు నిలవడం లేదు.

అతని వెనకాలే ఓ పెద్దమనిషి నెమ్మదిగా లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, నలిగిన తెల్ల చొక్కా. కొట్టు తెరవకముందు నుంచీ బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

కిషన్ రావు ఆయన్ని చూసి ఇబ్బంది పడ్డాడు. "నువ్వే ముందొచ్చినవ్ గద అన్నా. నువ్వడిగింది ముందు చూస్త."

"నాది బేరం గాదు. ముందు తమ్మునిది కానియ్యి. బోణీ చెడగొట్టుడెందుకు?" అన్నాడాయన.

గోడకు మూడు గిటార్లున్నాయి. ఒకటి మరీ చవకది, చెక్క చూస్తేనే తెలిసిపోతోంది. ఒకటి ఎర్రగా ధగధగలాడుతూ, స్వరం సాగదీసి వాయించడానికి హ్యాండిల్‌తో సహా ఉంది. దాని ధర అడిగే ధైర్యం కూడా ఎల్లస్వామికి లేదు.

మూడోది నల్లది. చూపు దాని మీదే ఆగిపోయింది. తీగల మోతనే తప్ప కరెంటు రొదను పట్టని జంట చుట్టల పికప్పులు, హమ్‌బకర్లంటారు వాటిని. తీగలను పట్టే బ్రిడ్జి కదలకుండా చెక్కకు బిగించి ఉంది, కాబట్టి శ్రుతి జారే బాధ తక్కువ. ధర కూడా మధ్యరకంగానే ఉండేలా ఉంది.

"గా నల్లది దించు సేటూ."

కిషన్ రావు చెయ్యి గిటార్ దాకా పోయి ఆగింది. పెద్దమనిషి వైపు చూశాడు.

"గా ఎర్రది సూడరాదు తమ్ముడూ," అన్నాడు పెద్దమనిషి. "పెండ్లిళ్లల్ల మస్తు కనవడ్తది."

ఎల్లస్వామికి విషయం అర్థమైపోయింది. బ్రోకర్. కొనేవాడిలా పక్కన నిలబడి ఖరీదైన సరుకు అంటగట్టే రకం. ఊరి నుంచి వచ్చినవాడు కదా, చెవిలో పువ్వు పెట్టొచ్చనుకున్నట్టున్నారు.

"నాకు నల్లదే గావాలె," అన్నాడు గట్టిగా.

గిటార్ దిగింది. ఆంప్లిఫయర్‌కు తగిలించి, పైన ట్యూబులైటు వేయించి మరీ మీటాడు. రొద లేదు. రెండు తీగలు మీటి చూసి లేచిపోదామనుకున్నాడు గానీ, వేళ్లు వినలేదు. సాయంత్రం వాయించాల్సిన పాట మొత్తం వాయించేశాడు.

తలెత్తి చూస్తే పెద్దమనిషి రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఏడ వాయిస్తవు?" అన్నాడు అటే చూస్తూ.

"పెండ్లిళ్లల్ల."

"రోజు వాయిస్తవా?"

"వాయిస్త."

"వానల తడపవు గద?"

"ఎందుకు తడుపుత?"

"ఎవలన్న అడిగితే అరువిస్తవా?"

పిల్లనిచ్చేవాడు కూడా ఇన్ని ఆరాలు తీయడు. ఎల్లస్వామికి ఒళ్లు మండింది.

"అసలు మీకు వాయించుడు వస్తదా?"

"ఒకప్పుడు వస్తుండె," అన్నాడాయన.

"సేటూ, ధర చెప్పు. రిహార్సలున్నది, ఆల్శమైతాంది."

కిషన్ రావు మళ్లీ పెద్దమనిషి మొహమే చూశాడు.

"జర తక్కువ చేసియ్యి," అన్నాడు పెద్దమనిషి.

ఒకడు పెంచడం, ఇంకొకడు తగ్గించినట్టు నటించడం. ఈ నాటకాలు ఎల్లస్వామి చాలా చూశాడు.

"పెద్దమనిషీ, మీరు నడిమిట్ల రావొద్దు. నాకు బ్రోకర్లతోని పని లేదు."

కిషన్ రావు ఏదో అనబోయాడు. పెద్దమనిషి వద్దన్నట్టు తల ఊపాడు. దగ్గరికి వచ్చి గిటార్ మీద చెయ్యి వేయబోయాడు. ఎల్లస్వామి చప్పున దాన్ని తన వైపు లాక్కున్నాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగి వెనక్కి పోయింది.

"ఇచ్చెయ్యి కిషన్ రావ్. మంచిగ వాయిస్తాండు," అని ఆయన మెట్లు దిగి, సైకిలెక్కి, బజారు రద్దీలో కలిసిపోయాడు.

తగ్గించిన ధరకే బేరం కుదిరింది. ఎల్లస్వామికి ఎవరినో ఓడించినట్టు హుషారుగా ఉంది.

"నీ బ్రోకర్ అలిగి పోయిండు సేటూ," అన్నాడు గిటార్‌ను సంచిలో పెడుతూ. "కమీషన్ ఎంతిస్తవేంది?"

కిషన్ రావు డబ్బు కళ్లకద్దుకున్నాడు. గల్లాపెట్టెలో వేయలేదు. ఓ కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"కమీషనెక్కడిది తమ్మీ, గీ పైసలే ఆయనయి," అన్నాడు. "వేళ్లు వంగుతలేవు, మూలకుంచి ఏం లాభమని నిన్న గీ గిటార్ అమ్మకానికిచ్చిండు, మనసొప్పక ఇయ్యాల వాపస్ తీస్కపోనీకి వచ్చిండు."