కండక్టరు గారికి

“ఏయ్ నల్లచొక్కా, లోపలికి జరుగు! నువ్వేనమ్మా, సంచీ తియ్యి! గుమ్మంలో నిలబడ్డానికి ఇదేమన్నా మీ ఇల్లా?”

డిపోలో ఆ కండక్టరును అందరూ ‘ఉరుము’ అనేవారు. మనిషి చెడ్డవాడు కాదు. నోరే అతనికన్నా ఒక అడుగు ముందు నడిచేది.

ఆ నోటి మీద అప్పటికే రెండు ఫిర్యాదులు వచ్చాయి.

“ఇంకొక్కటి వచ్చిందంటే నిన్ను బస్సు దింపేస్తాను. షెడ్డులో బస్సులు కడుక్కుందువు గాని,” అన్నాడు డిపో మేనేజరు. “ప్రయాణికుల్ని ‘మీరు’ అనాలి. నువ్వు ఆ స్పీకరులో ఆవిడను చూసి నేర్చుకో.”

తనను ‘నువ్వు’ అంటూనే అందరినీ ‘మీరు’ అనమనడం ఏం న్యాయమో ఉరుముకు అర్థం కాలేదు.

స్పీకరులో ఆవిడంటే, ప్రతి స్టాపుకూ ముందు బస్సులో వినిపించే రికార్డు గొంతు. ‘దయచేసి నిదానంగా దిగండి. పెద్దలకు చోటివ్వండి’ అని వెన్నపూసలా పలికేది.

“ఆవిడకేం సార్! ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని చదివేసి వెళ్లిపోయింది. ఈ తొక్కిసలాటలో నిలబడి ఒక్కపూట చెప్పమనండి, చూద్దాం. ఒక్కసారి నా బస్సెక్కితే తెలుస్తుంది!”

మేనేజరుతోనే కాదు, డ్రైవరుతో, మెకానిక్కుతో, వినే ఓపికున్న ప్రతివాళ్లతో ఈ మాట అనేవాడు.

రోజూ పదిగంటలకు మొదటి స్టాపులో ఒక పెద్దావిడ ఎక్కేది. మెడకు నీలం స్కార్ఫు. ఆవిడకు డ్రైవరు వెనక మూడో సీటే కావాలి. అది ఖాళీ లేకపోతే దాని పక్కనే నిలబడేది. నోరు విప్పేది కాదు, చిన్న కాగితం అందించేది.

‘కండక్టరు గారికి నమస్కారం. దయచేసి చివరి స్టాపుకు ఒక టికెట్టు ఇవ్వండి.’

పాత కాగితమే తిప్పి తిప్పి ఇచ్చేది కాదు. రోజూ కొత్తగా రాసి తెచ్చేది. చివరి స్టాపులో దిగి, మళ్లీ అదే బస్సులో వెనక్కి వచ్చేది. అక్కడ ఆవిడకు పనేమిటో ఎవరికీ తెలియదు.

ఒకరోజు బస్సు కిక్కిరిసిపోయింది. ఉరుముకు చిరాకెక్కింది. కాగితం లాక్కుని, స్పీకరు గొంతులా సాగదీసి చదివాడు.

“కండక్టరు గారికీ... నమస్కారం... దయచేసీ...”

బస్సంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువగా పెద్దావిడే నవ్వింది. భుజాలు అదిరాయి గానీ శబ్దం రాలేదు.

అక్కడితో ఆపినా బాగుండేది.

“ఒక్క టికెట్టుకు ఇంత ఉత్తరమా? ఏం, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా నీకు?”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. స్కార్ఫు సర్దుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

మర్నాడే మూడో ఫిర్యాదు వచ్చింది. రాసింది ఆవిడ కాదు, ఆరోజు వెనక సీట్లో ఉన్న ఒక గుమాస్తా.

“విచారణ అయ్యేదాకా బస్సెక్కకు,” అన్నాడు మేనేజరు.

పద్దెనిమిదేళ్లుగా జనం మధ్య బతికినవాడు ఉరుము. ఇక ఖాళీ బస్సులు కడుగుతూ బతకాలి కాబోలు.

నాలుగోరోజు మేనేజరు పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు.

“నీ అదృష్టం బాగుంది. ఆ పెద్దావిడను అడిగించాను. ఇదిగో జవాబు. రేపట్నుంచి మళ్లీ బస్సెక్కు.”

‘కండక్టరు గారు నన్ను చాలా నవ్వించారు. ఆయన గట్టిగా అరవబట్టే వెనకున్నవాళ్లకు కూడా స్టాపు తెలుస్తోంది. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దయచేసి ఆయనను బస్సులోనే ఉండనివ్వండి.’

ఆ ‘ఆయన’ తనేనని నమ్మడానికి ఉరుము రెండుసార్లు చదవాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికెళ్లి భార్య దగ్గర సాధన మొదలుపెట్టాడు.

“మీరు భోంచేశారా అండీ?”

ఆమె గరిటె కింద పెట్టి, అతని నుదురు పట్టుకుని చూసింది.

“జ్వరం లేదే!”

మెల్లగా నాలుక తిరిగింది. “లోపలికి జరగండమ్మా”, “ఆ సంచీ కాస్త తీస్తారా బాబూ” అని వినపడేసరికి, వేరే కండక్టరు ఎక్కాడేమోనని డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

పెద్దావిడకు చెప్పాల్సిన మాట మాత్రం విడిగా దాచుకున్నాడు. ‘రండమ్మా, మీ సీటు ఖాళీగా ఉంచాను. ఆరోజు తప్పుగా మాట్లాడాను, నన్ను మన్నించండి.’

రోజూ మూడో సీటు మీద తన సంచీ పెట్టి ఉంచేవాడు. వారమైంది. రెండు వారాలైంది. ఆవిడ రాలేదు.

ఒక ఉదయం డ్యూటీకి వచ్చేసరికి బస్సులో మెకానిక్కు స్పీకరు విప్పుతున్నాడు.

“బాగానే పలుకుతోందిగా, ఎందుకు విప్పుతున్నావు?”

“దారిలో కొత్తగా రెండు స్టాపులు కలిపారు. వాటి పేర్లు చెప్పించుకోడానికి పాతావిడ లేరు. కొత్త గొంతు పెడుతున్నాం.”

“అయ్యో, పోయారా?”

“పోయిన వారమే. వాళ్లమ్మాయి డిపోకొచ్చి, పాత రికార్డు ఇస్తారా అని అడిగితే తెలిసింది. నాలుగేళ్ల కిందటే గొంతుకు ఆపరేషనైందట. అప్పట్నుంచీ మాట లేదట.”

“పాపం, మంచి గొంతు,” అన్నాడు ఉరుము, ఎప్పటిలాగే మూడో సీటు మీద సంచీ పెడుతూ.

మెకానిక్కు మర తిప్పుతూ అన్నాడు.

“ఒక్కసారి నా బస్సెక్కితే తెలుస్తుందనేవాడివిగా! ఆవిడ రోజూ నీ బస్సే ఎక్కేవారట. మెడకు నీలం స్కార్ఫు కట్టుకుని, సరిగ్గా ఈ స్పీకరు కింద కూర్చుని, పోయిన తన గొంతును విని వెళ్లేవారట.”