దూదిపోచ

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా పెద్ద డాక్టరు కంటి ఆసుపత్రి మెట్లెక్కుతూ, "వానొచ్చేలా ఉందే" అన్నాడు. నర్సు ఒకసారి పైకి చూసి, చీకటిగది తలుపు తీసింది.

లోపల కన్ను చూసే యంత్రం వెనక చిన్న డాక్టరు కూర్చుంది. చేరి నాలుగు నెలలైంది. అవతలి వైపు పట్టీ మీద గడ్డం ఆనింది. సన్నటి వెలుగు గీత ఎడమకంటి మీద పడింది.

"రోగి ఎవరో మరిచిపో. కన్ను చూసి చెప్పు," అన్నాడు పెద్దాయన పళ్ళ సందుల్లోంచి. చిరాకైతే ఆయన మాట అలాగే వస్తుంది.

"లోపల వాపుంది సార్. నల్లగుడ్డు లోపలి గోడకి బూడిద చల్లినట్టు మచ్చలు."

"అది కళ్ళజోళ్ళ కొట్టువాడూ చెప్తాడు. ఎందుకొచ్చింది?"

"కంట్లో ఒత్తిడి ముప్పై ఎనిమిదికి పెరిగింది. మామూలు వాపులో తగ్గాలి కదా."

"మూడు వారాలుగా వాపు తగ్గే చుక్కలు పడుతున్నాయి. వాటివల్లా పెరుగుతుంది. ఇంకా?"

"కంటిపాప గుండ్రంగా లేదు. దాని చుట్టూ ఓ పక్క రంగు వెలిసింది."

"వెలిస్తే?"

నర్సు గొంతు సవరించుకుని దూది డబ్బా ముందుకు జరిపింది.

చిన్న డాక్టరు దూదిని పోచలా నులిమింది. కుడికంటికి తాకించింది. రెప్ప టక్కున పడింది. ఎడమకంటికి తాకించింది. రెప్ప కదల్లేదు. మళ్ళీ తాకించింది. కదల్లేదు.

"స్పర్శ లేదు సార్." ఆమె గొంతు తగ్గింది. "నరంలో దాక్కున్న వైరస్. ఈ వాపు చుక్కలతో దాన్ని మేపుతున్నాం. కంటి వెనక తెరకి పాకిందంటే ఇక చూపు రాదు."

"ఆ చుక్కలు రాసిందెవరో తెలుసా?"

"తెలుసు సార్."

"ఏమంటావ్?"

"తప్పు రాశారు."

"వినపడలా."

"తప్పు రాశారు సార్."

"ఆయనకి ఆ మాట చెప్పే మొగాడు ఇక్కడ పుట్టలేదు," అంది నర్సు. "మీరు చెప్పారు డాక్టరమ్మా."

"కబుర్లు చాలు," అన్నాడు పెద్దాయన. "రుజువేది?"

"కంట్లోంచి చుక్క నీరు తీసి పరీక్షకి పంపాలి."

"తియ్యి."

"నేనా? ఇంతవరకు ఎప్పుడూ... మీరైతే..."

"నావల్ల కాదు. నువ్వే తియ్యి."

నర్సు కన్ను మొద్దుబార్చే మందు వేసింది. చిన్న డాక్టరు వెంట్రుకంత సూది ఎత్తింది. పొద్దుట్నుంచీ ఆగని పెద్దాయన గొంతు అప్పుడు ఆగింది. ఆమె ముంజేతిని బల్లకు అదిమిపెట్టుకుంది. సూది నల్లగుడ్డు అంచున దిగింది, ఒక్క చుక్క తాగింది, బయటికొచ్చింది.

ఫలితం కోసం చూడకుండానే వైరస్‌ని అణిచే మాత్రలు మొదలుపెట్టించింది. మధ్యాహ్నం దాటాక ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది.

"వైరసే సార్," అంది.

"ఊఁ," అన్నాడు పెద్దాయన. "అన్నం తిందాం పదండి."

వెనక గదిలో ముగ్గురూ క్యారేజీలు విప్పుకున్నారు. నర్సు నీళ్ళ గ్లాసును పెద్దాయనకు కుడివైపుగా జరిపింది.

ఆయన ఎడమకంటికి కట్టు ఉంది.