మోగని పైపు

"నా పెనిమిటిని మింగిన జీపును మళ్ల అడివి బాట పట్టిస్తవా, తీతూ?"

షెడ్డులోకి వస్తూనే సువార్తమ్మ కింద పడున్న సుత్తి అందుకుంది. ఆ జీపు బోల్తా పడి, కప్పు నలిగి యిర్మియా పోయి ఏడాదైనా కాలేదు. అతని తమ్ముడు తీతు దాని సొట్టలు తీసి, పెద్ద టైర్లు వేసి పెళ్లికొడుకులా నిలబెట్టాడు.

"ఈసారి బోల్తా కొట్టినా కప్పు కూలదు, వదినా. బొగ్గుబాయిల అన్న పైకప్పుకు ఆపుగ కట్టె దిమ్మెలు పెట్టినట్టే లోపల ఇనుప పైపులు నిలబెట్టిన."

"ఆయన పేరెత్తకు!"

కసికొద్దీ ఒక పైపును కొట్టింది. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మూడోది పగిలిన కుండలా బొంగురుగా పలికింది.

సువార్తమ్మ చెయ్యి ఆగిపోయింది. సుత్తితో తట్టి, మోత వినందే యిర్మియా బాయిలో ఏ కప్పు కిందా అడుగుపెట్టేవాడు కాదు. ఇంటి దూలాన్నైనా తట్టి చూసి గానీ పడుకునేవాడు కాదు.

ఈసారి చెవి ఆనించి మెల్లగా తట్టింది.

"చెవుడా నీకు? దీని అతుకు పట్టలే. మీ అన్నయితే దీని కింద కూసుంటుండెనా?"

"కూసోకపోతుండె, వదినా."

"విప్పు. మళ్ల అతుకు. నేను తట్టి ఇన్నంకనే బండి కదలాలె."

సుత్తి మాత్రం అతనికివ్వలేదు.